తాత ఎవరి దిక్కు

మంగళవారం పొద్దున కాలేజీ గేటు దగ్గర ఆటో దిగుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "మామ పోయిండే. తెల్లారి అత్త లేపితే లేవలేదట," అంది. ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అమ్మ మామా అని పిలిచింది ఇద్దరినే. ఒకరు మా సొంత తాత. ఆయన నేను పుట్టకముందే పోయాడు. రెండో ఆయన మా పక్కింటి తాత. కాని ఏడాదిన్నరగా అమ్మ ఆయన్ను మామ అనడం మానేసింది. మా ఇంట్లో ఆయన "బ్రోకరాయన" అయిపోయాడు. "బ్రోకరాయన బండి తోవకు అడ్డం ఉన్నది, జరపమను," "బ్రోకరాయన ఇంటికి నువ్వేం పోకు" అనేది. అంతకాలం దాచిపెట్టిన పిలుపును అమ్మ ఫోన్లో మళ్ళీ బయటికి తీసేసరికి, పోయింది ఎవరో నాకు తెలిసింది. ఆ రోజు క్లాసుకు పోలేదు. వచ్చిన ఆటోలోనే వెనక్కి తిరిగాను.

ఆయన మాకు రక్తసంబంధం కాదు. రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. అంతే చుట్టరికం. బాపు, అంటే మా నాన్న, ఆయన్ను కాకా అనేవాడు, నేను తాతా అనేదాన్ని. సిద్దిపేటలో ఆయన చేసిన పనేమిటో చాలామందికి సగమే తెలుసు. పక్కింట్లో ఇరవై ఏళ్ళున్నా మాకూ సగమే తెలుసు. మిగతా సగం తెలియడానికి మేము ఒక తప్పు చేయవలసి వచ్చింది. అందులో పెద్ద వాటా నాదే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

తాత బ్రోకర్. సిద్దిపేట జిల్లా అయినప్పటినుంచీ ఇక్కడ బ్రోకర్ అంటే ప్లాట్ల బ్రోకరే అనుకుంటారు. తాత భూమి జోలికి పోలేదు. నడుస్తున్న దుకాణాలను అమ్మించేవాడు, కొనిపించేవాడు. టిఫిన్ సెంటర్లు, కటింగ్ షాపులు, జిరాక్సు మిషన్లు, పిండి గిర్నీలు. "భూమి మాట్లాడది పిల్లా. దుకాణం మాట్లాడ్తది. కూసోని ఇనాలె," అనేవాడు.

వినడమంటే నిజంగానే కూర్చునేవాడు. ఒక దుకాణం అమ్మకానికి వచ్చిందంటే దానికి ఎదురుగా ఎక్కడో అరుగు చూసుకుని పొద్దంతా గడిపేవాడు. అంగీ జేబులో వేయించిన పల్లీలు ఉండేవి. ఆ దుకాణంలోంచి ఎవరైనా ఉత్త చేతులతో బయటికి వస్తే ఒక పల్లీ నోట్లో వేసుకునేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చి, "ఇయ్యాల కడుపు నిండింది. గా దుకాణం కొనేటోడు మునుగుతడు," అంటే మేము నవ్వేవాళ్ళం. జేబులో పల్లీలు అట్లాగే మిగిలి ఉన్న రోజు అవి నాకు వచ్చేవి. కాబట్టి చిన్నప్పుడు నేను ఊళ్ళోని దుకాణాలన్నీ బాగా నడవాలని కోరుకునేదాన్ని.

ఆయనకు ఒక పాత మోపెడ్ ఉండేది. పొద్దున్నే పనికి పోయేటప్పుడు దాన్ని ఇంటి ముందు స్టార్ట్ చేసేవాడు కాదు. మా గల్లీ దాటేదాకా తోసుకుంటూ పోయి, రోడ్డు మీద స్టార్ట్ చేసేవాడు. గల్లీలో ఎవరో ఒకరింట్లో పసిపిల్ల ఎప్పుడూ ఉండనే ఉంటుందని ఆయన లెక్క.

తాత అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు. నేను డిగ్రీలో చేరి తెలుగు తీసుకున్నాక, ఆయన ఒప్పంద కాగితాలు చదివిపెట్టే పని నాకు పడింది. సాయంత్రాలు మా గడప దగ్గర కూర్చుని, అమ్మ ఇచ్చిన అల్లం చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, "చదువు పిల్లా, మెల్లగ," అనేవాడు. ఆ కాగితాల్లో మాటలు నాకు భలే ఉండేవి. యావత్తు, బాపతు, తరఫున. ఒకసారి "ఇరుపక్షాల సమ్మతితో" అని చదివాను.

"గదేంది?"

"రెండు దిక్కులోళ్లు ఒప్పుకున్నరని, తాతా."

"మల్ల నా పేరు కాడ ఏమున్నది?"

"మధ్యవర్తి. అంటే నడుమ ఉండేటోడు."

తాత చాయ్ పొలమారేంత నవ్వాడు. "నడుమ ఎవ్వడుండడు పిల్లా. నడుమ ఉన్న అనేటోడు గూడ ఏదో ఒక దిక్కే ఉంటడు. ఏ దిక్కో చెప్పడు, గంతే."

ఆ ఒప్పందాల రాత నాకు పనికి రాలేదు గాని, తాత నోటి నుంచి వచ్చిన ఒక మాట పనికొచ్చింది. దిక్కు. తూర్పు, పడమర అనే దిక్కు. ఎవరి పక్షాన ఉన్నావంటే వాళ్ళ దిక్కు. ఎవరూ లేనివాళ్ళకు లేని దిక్కు. మూడింటికీ ఒకే మాట మా నోళ్ళలో రోజంతా తిరుగుతూ ఉంటే నేను అప్పటిదాకా గమనించలేదు. నోటుబుక్కు చివరి పేజీలో రాసుకుని, దాని కింద గీత కూడా గీసుకున్నాను. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, కొన్నాళ్ళకే దానితో మా ఇంటిని ముంచబోయాను.

అప్పుడు బాపు మహారాష్ట్రలో, భివండిలో ఉండేవాడు, మరమగ్గాల పని మీద. పద్దెనిమిదేళ్ళు ఆ చప్పుడు మధ్య నిలబడి చెవులు పోవడం మొదలైంది. ఫోన్లో మేము అరిస్తే తప్ప వినపడేది కాదు, ఆయనేమో మాకు వినపడదనుకుని ఇంకా గట్టిగా అరిచేవాడు. ఇంక చాలు, ఇంటికి తెచ్చుకుందామని అమ్మ తీర్మానించింది. తెచ్చుకుంటే ఇక్కడ చేయడానికి పని ఉండాలి. అమ్మ జాకెట్లు కుట్టిన సంపాదన ఇంట్లోకే సరిపోయేది. సరిగ్గా ఆ రోజుల్లోనే, కోమటి చెరువుకు పోయే తోవలో ఉన్న పిండి గిర్నీ అమ్ముతున్నారని తెలిసింది. మిషన్, మోటారు, మీటరు, రోజూ వచ్చే గిరాకీ, అన్నీ కలిపి. దాని యజమానిని అందరూ సేటు అనేవాళ్ళు. మొదటిరోజు నుంచే నడిచే దుకాణం. బాపుకు పెద్దగా వినపడకపోయినా చేయగల పని. అమ్మ ఆ గిర్నీ ముందునుంచి పోయినప్పుడల్లా అడుగుల వేగం తగ్గించి నడిచేది.

తాతను అడుగుదామంది. నేను ఫోన్ చేశాను. ఆయన బస్టాండులో ఉన్నట్టున్నాడు, హారన్లు మోగుతున్నాయి.

"తాతా, సేటు గిర్ని అమ్ముతుండట. మేం కొందామనుకుంటున్నం. నువ్వు మా దిక్కే గదా?"

"ఆ, మీ దిక్కే పిల్లా, మీ దిక్కే వస్తున్న. ఇంటికాడనే ఉండుండ్రి," అని పెట్టేశాడు.

నేను వంటింట్లోకి ఉరికి, "అమ్మా, తాత మన దిక్కేనట!" అన్నాను. అమ్మ ముఖం వెలిగింది.

తాత వచ్చి గడప బయట పీట మీద కూర్చున్నాడు. అమ్మ చాయ్ తెచ్చింది. "వద్దు కోడలా," అన్నాడు. ఇరవై ఏళ్ళలో ఆయన మా ఇంట్లో చాయ్ వద్దన్నది అదే మొదలు. అమ్మ ఆయన్ను కిందికీ మీదికీ చూసి, "షుగరొచ్చిందా మామా? చెప్పకపోతివి," అంటూ ఆ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది, చక్కెర లేకుండా ఇంకోటి పెట్టడానికి. స్టవ్వు దగ్గరినుంచే చెప్పుకుంటూ పోయింది. భివండి పైసలు ఇంత, మహిళా సంఘం లోను ఇంత, "ఇగ నా కమ్మలు అమ్మితే గీడిదాక వస్తం మామా. అంతకు పైన ఒక్క రూపాయి లేదు. గాయినకు ముందుగాల తక్కువ చెప్పు. ఎట్లనన్న జేసి ఇప్పియ్యాలె. మీ కొడుకు చెవులు ఇంకొక్క ఏడాదుంటే పూర్తిగ పోతయి." బయటినుంచి తాత, "కోడలా ఆగు. చెప్పకు. ఆగరాదు," అంటూనే ఉన్నాడు. కుక్కర్ కూతల్లో ఆ మాటలు అమ్మకు చేరలేదు.

అమ్మ చక్కెర లేని చాయ్ తెచ్చి ముందు పెట్టింది. తాత దానివంక చూడలేదు.

"షుగర్ గాదు కోడలా. నేను సేటు దిక్కు. మొన్ననే సేటు ఇంట్ల చాయ్ తాగిన. ఎవలి బేరం మాట్లాడుతనో వాల్ల చాయే తాగుత. ఎదుటోల్ల ఇంట్ల మంచినీళ్లు తాగుత. చాయ్ తాగ. ఎన్నటికెల్లో గది నా కట్టుబాటు."

"మరి మా దిక్కే అన్నవట గద!"

తాత నావైపు చూశాడు. కోపం లేదు. తప్పు చదివిన పిల్లను మాస్టారు చూసినట్టు చూశాడు.

"మీ దిక్కు వస్తున్న అన్న పిల్లా. మీ దిక్కు ఉంట అన్లే."

అమ్మ నోట్లోంచి అప్పటికే అన్నీ వచ్చేశాయి.

"ఇన్న ముచ్చట ఇన్లేదనలేను కోడలా. సేటు అడిగితే చెప్త. ఆయన కమీషన్ తింటున్న."

"పక్కింట్లుండి గింత పని చేస్తవా మామా?"

"పక్కిల్లు పక్కిల్లే. బేరం బేరమే. నేను రెండు దిక్కులా తినేటోన్నయితే మీ చాయ్ తాగుదును, మీ కమీషన్ తిందును, ఇద్దరికీ అబద్ధాలు చెప్దును. చేస్తలేరా మంది? నాతోటి గాదు." అని లేచి నిలబడ్డాడు. "మీ దిక్కు ఒకల్లను పెట్టుకోండ్రి. ఈ పిల్ల లేదా? సదువుకుంటుంది గద. ఏమేం అడగాల్నో రాసుకోని రాండ్రి. నన్నేమన్న అడిగితే అబద్ధం చెప్ప. అడగంది చెప్ప. ఇన్నవా పిల్లా? అడగంది చెప్ప."

ఆ చాయ్ గడప మీదే చల్లారి, పైన మీగడ కట్టింది.

నేను రాయడం మొదలుపెట్టాను. మోటారు ఎన్నేళ్ళది? రాయి ఎప్పుడు మార్చారు? మీటరు ఎవరి పేరు మీద ఉంది? రోజుకు ఎంతమంది వస్తారు? కారంపొడికి వేరే మిషన్ ఉందా? ఎందుకు అమ్ముతున్నారు? బాపు భివండి నుంచి అరుస్తూ ఇంకో నాలుగు చెప్పాడు. అంతకుముందు నేను రాసినవన్నీ పరీక్షల్లో జవాబులే. ప్రశ్నలు రాయడం అంత కష్టమని అప్పుడే తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నం గిర్నీ మూసేశాక కూర్చున్నాం. అటు సేటు, ఆయన పక్కన తాత. ఇటు అమ్మ, నేను. గోడలు, బల్బు, సాలెగూళ్ళు, అన్నిటి మీదా తెల్లటి పిండి. నేను కాగితం తీసి ఒక్కొక్కటే అడిగాను. తాత ఒక్కొక్కదానికే జవాబు చెప్పాడు. ఉన్నది ఉన్నట్టు. మోటారు ఒకసారి కాలితే మళ్ళీ చుట్టించారని, ఎండాకాలంలో గిరాకీ తగ్గుతుందని, కారం మిషన్‌కు బెల్టు పోయిందని చెప్పాడు. ఒక్కో జవాబు అయ్యాక, "ఇంకా?" అనేవాడు. సేటు ఎందుకు అమ్ముతున్నాడంటే, "మెదక్ల అల్లునితోటి కలిసి షాపు పెడుతుండు. అది నిజమే," అన్నాడు. "ఇంకా?"

కాగితం అయిపోయింది.

"ఇంకా?" అన్నాడు తాత.

నాకు సిగ్గేసింది. రాసుకొచ్చినవి అంతే అని చెప్పడానికి నోరు రాలేదు. అటూ ఇటూ చూశాను. తలుపు మీద పాత తాళంచెవుల గుత్తి వేలాడుతోంది. ఏదో ఒకటి అడగాలి కదా అని, గిర్నీ నడుస్తున్న ఆ దుకాణం గదిని చూపిస్తూ, "ఈ మడిగె ఎవరిది తాతా?" అన్నాను.

"మాదే అనుకోరాదు. ఇరవై రెండేండ్ల సంది మేమే ఉంటున్నం," అని సేటు అందుకున్నాడు.

తాత ఆయన మాట పూర్తి కానిచ్చి, అప్పుడు చెప్పాడు. "సేటుది గాదు. కిరాయిది. కిరాయి కాగితం దసర దాకనే ఉన్నది. దసర ఎల్లినంక ఈ మడిగెలన్ని కూలగొట్టి, పెద్ద షట్టర్ల దుకాణాలు కట్టిస్తనని ఓనర్ చెప్పిండు."

దసరా ఇంకా నాలుగు నెలలు కూడా లేదు. నాలుగు నెలల తర్వాత మిషన్ రోడ్డు మీద ఉంటుంది. భివండి పైసలు, సంఘం లోను, అమ్మ కమ్మలు, అన్నీ పెట్టి మేము కొనబోతున్నది నాలుగు నెలల గిర్నీని.

సేటు లేచి నిలబడ్డాడు. "నా కమీషన్ తింటవ్, వాల్లకు ముచ్చట అందిస్తవ్! ఎవలి దిక్కయ్యా నువ్వు?"

"నీ దిక్కే సేటూ," అన్నాడు తాత, కూర్చున్నచోటినుంచే. "నీ దిక్కున్న. నీ అబద్ధం దిక్కు లేను."

ఇక్కడితో ఆగి ఉంటే ఇది ఒక మంచి మనిషి కథ అయ్యేది. కాని సేటు ఆగలేదు. ధర మాటకు వచ్చేసరికి అమ్మ తక్కువ చెప్పింది. సేటు నవ్వి, "ఉన్నయి గదమ్మా. కమ్మలున్నయంట గద," అన్నాడు.

అమ్మ రెండు చేతులూ వాటంతట అవే చెవుల దగ్గరికి పోయాయి. అమ్మ తాతవైపు చూసింది. తాత మిషన్‌వైపు చూస్తూ కూర్చున్నాడు.

అమ్మ లేచి వచ్చేస్తుందనుకున్నాను. రాలేదు. చేతులు చెవుల మీదినుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "సరే. ధర నువ్వు చెప్పిందే. గని, కట్టబోయే షట్టర్లల్ల ఒకటి మా పేరు మీద, ఐదేండ్లకు, ఓనర్ రాసియ్యాలె. గది నా చేతికి వచ్చినంకనే పైసలు. లేకుంటే నీ మిషన్ నువ్వే మెదక్‌కు మోసుకపో," అంది. ఎనిమిదో తరగతి చదివిన మా అమ్మ అడిగిన ఆ ఒక్కటి, నా రెండు పేజీల కాగితంలో లేదు.

ఓనర్‌ను ఒప్పించడానికి తాత మూడు వారాలు తిరిగాడు. సేటు కోసమే తిరిగాడు. ఆ కాగితం లేకపోతే సేటుకు అమ్మకం లేదు. అది మాకు కూడా మేలే అయింది. కాగితం వచ్చింది. కమ్మలు పోయాయి. దసరాకు ముందే బాపు భివండి నుంచి సంచీతో దిగాడు. ఇప్పుడు ఆ షట్టర్లలో మూడోది మాది. బాపుకు మనుషుల మాటలు సరిగా వినపడవు గాని, రాయి అరిగితే మిషన్ చప్పుడులో తేడా మాత్రం కాళ్ళకు తెలుస్తుందంటాడు.

ఆ సేటు బేరం ముగిసిన రోజు నుంచి తాత అమ్మకు "బ్రోకరాయన" అయ్యాడు. ఆయన చేసిన మేలు అమ్మకు తెలుసు. "మడిగె ముచ్చట చెప్పిండు, మంచిదే. కమ్మల ముచ్చట ఎందుకు చెప్పాలె? ఆడిదాని చెవుల మీది సొమ్ము గిర్నిల నలుగురి ముందట పెట్టిస్తడా?" అనేది. ఇప్పటికీ ఈ రెంటినీ ఒకే త్రాసులో వేయడం నాకు చేతకాదు.

ఒకరోజు కాలేజీ నుంచి వస్తుంటే పాత బస్టాండు దగ్గర ఒక అరుగు మీద తాత కనిపించాడు. ఎదురుగా ఏదో బేకరీని వింటున్నాడు. పక్కన కూర్చుని, చాలాకాలంగా గొంతులో ఉన్నది అడిగాను.

"తాతా, ఆనాడు నేను మడిగె ఎవరిదని అడగకపోతే? నువ్వు చెప్తుంటివా?"

బేకరీలోంచి ఇద్దరు ఉత్త చేతులతో బయటికి వచ్చారు. తాత జేబులోకి చెయ్యి పోలేదు.

"తెల్వది పిల్లా," అన్నాడు. "ఇంకా, ఇంకా అని పొద్దుమూకేదాక అడుగుదునేమో. చెప్పకుంట లేచి వస్తే ఆ గోడ అవతల ఎట్ల పండుదును? గని చెప్తుంటి అని ఇప్పుడు నీకు చెప్తే గది అబద్ధమైతది. తెల్వది."

మళ్ళీ తనే అన్నాడు. "కమ్మల కాడ మాత్రం తప్పు చేసిన. ఎంత దాక వస్తరని సేటు అడిగిండు, చెప్పిన. గది నా పని. ఎట్ల తెస్తరని అడిగిండు. గది నా పని గాదు, ఆయన పనీ గాదు. నోరు జారింది."

"అమ్మకు చెప్పరాదు ఈ మాట?"

"చెప్పాలె. నువ్వు చెప్పకు. నేనే చెప్త. ఏ మొకం పెట్టుకోని పోవాల్నో చూస్తున్న."

ఆ ముఖం ఆయనకు ఏడాది దాటినా దొరకలేదు. వాళ్ళింటి పిండి కూడా తాత భార్య, మా పక్కింటి అవ్వ, వేరే గిర్నీలో పట్టించుకునేది. అమ్మకు చెప్పనని ఆ రోజే ఆయనకు మాట ఇచ్చాను కాబట్టి నేను చెప్పలేదు. మాట నిలబెట్టుకోవడం కూడా ఒక్కోసారి తప్పేనని తెలిసే వయసు నాకు అప్పటికి రాలేదు.

చనిపోయే ముందురోజు, సోమవారం సాయంత్రం, తాత మా గిర్నీకి వచ్చాడు. నేను లేను. ఇది బాపు చెప్పింది. స్టీలు డబ్బాలో జొన్నలు. అవ్వను పంపకుండా తనే మోసుకొచ్చాడు. అప్పుడే కరెంటు పోయి ఉంది. జొన్నలు పట్టాలన్నాడు. అమ్మ తల ఎత్తకుండా, "కరెంట్ లేదు. గాడ పెట్టి రేపు రా," అందట. ఆయన డబ్బా పెట్టాడు. వెంటనే పోలేదట. జల్లెడ అటూ ఇటూ జరిపి చూశాడట, గోడ మీది క్యాలెండర్ చూశాడట. గిరాకీ ఇంకొకరు రావడంతో, "సరే కోడలా, రేపొస్త," అని వెళ్ళిపోయాడట.

దినాలు అయిపోయిన మర్నాడు నేను అమ్మకు అంతా చెప్పాను, గిర్నీలోనే. బేకరీ ఎదుట తాత అన్నదంతా, మాట పొల్లు పోకుండా. అమ్మ విన్నది. మోటారు ఆపింది. అప్పుడు తిరుగుతున్నవి గోధుమలు. ముందటి పిండి రాళ్ళలో కొంచెం ఎప్పుడూ మిగిలిపోయి, తర్వాతి గిరాకీ పిండిలో కలుస్తుంది. గిర్నీల్లో ఇది మామూలే, ఎవరూ పట్టించుకోరు. అమ్మ మిషన్ మూత విప్పింది. బ్రష్ పెట్టి రాళ్ళ సందుల్లో పిండి అంతా ఊడ్చింది. మా సొంత జొన్నలు రెండు దోసిళ్ళు పోసి తిప్పి, ఆ పిండి పక్కన పెట్టింది. అప్పుడు మూలన అట్లాగే ఉన్న తాత జొన్నల డబ్బా తెచ్చి పోసింది. ఆ పిండిలో వేరే ఇంటి గింజ ఒక్కటి కూడా కలవలేదు.

డబ్బా చంకన పెట్టుకుని అమ్మ వాళ్ళింటికి నడిచింది. నేను వెనక నడిచాను. ఏడాదిన్నర తర్వాత అమ్మ ఆ గడప లోపలికి పోయింది. అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. మూత తీసి చెయ్యి పెట్టి చూసింది. పిండి ఇంకా వేడిగానే ఉంది.

"గింత పిండి ఎవలు తింటరు కోడలా?" అంది అవ్వ.

అమ్మ కింద కూర్చుంది. పెద్ద పళ్ళెం దగ్గరికి లాక్కుని, రెండు దోసిళ్ళ పిండి పోసి, వేడినీళ్ళు పోసి, పిసకడం మొదలుపెట్టింది. మొదటి రొట్టె చేత్తో చరిచి పెనం మీద వేసింది. అది పొంగింది. అవ్వ దాన్ని తీసి రెండు ముక్కలు చేసింది. ఒక ముక్క అమ్మకిచ్చింది. రెండోది తన చేతిలో పట్టుకుని, తినకుండా, అట్లాగే కూర్చుంది. అమ్మ తన ముక్కను కూరా కారం ఏమీ లేకుండా నమిలి మింగి, తడి చేతులతోనే ఇంకో ముద్ద తీసుకుని రొట్టె చరచసాగింది.